ఏది ఆయన జవాబు?

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

పిచ్చుకా,

టెలిగ్రాం అందిందనీ, ఓడ దిగే వీల్లేక ఏడుస్తూ కూర్చున్నావనీ నీ కార్డు చూశాక తెలిసింది. ముందు కళ్లు తుడుచుకో. మీ అన్నయ్య బతికారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. పట్టుకుంటే కుర్చీ దాకా నడుస్తారు. ముఖం ఓ పక్కకి జారింది గానీ మనిషిని పోల్చుకోవచ్చు.

పోయింది మాట. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుందట. తిరిగి చెప్పడానికి మాత్రం ఆయన నోట ఒకే ఒక్క ముక్క మిగిలింది, "మరే". అన్నం పెట్టనా అంటే మరే. వద్దా అంటే మరే. కిటికీ తెరవనా, మూసెయ్యనా, రెంటికీ మరే. పెళ్లయిన నాటి నుంచీ నేనేమన్నా కాదనడమే పనిగా పెట్టుకున్న మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియక నిన్న ఈ వంటగదిలోకి వచ్చి రెండూ చేశాను. తల ఊపడమూ అంతే. అడ్డంగా ఊపబోతే నిలువుగా ఊగుతుంది, అది తెలిసి తన మీద తనే చిరాకుపడతారు. ఎడమ చేతికి పెన్సిలిచ్చి చూశాను. గీతలు తప్ప అక్షరం రాలేదు.

ఇక అసలు సంగతి. మొన్న స్నానం చేయించి తల తుడుస్తుంటే ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నారు. బడిలో పిల్లల కోసం తనే కట్టారు చూడు, మేకపిల్ల హెడ్మాస్టరు టోపీ తినేసిన పాట. మొదటి నుంచి బోడిగుండు బయటపడే దాకా ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నా చేతిలో తువ్వాలు జారిపోయింది. "ఏవండీ, మాట వచ్చేసిందా?" అన్నాను. నా వంక చూసి "మరే" అన్నారు.

ఇది మామూలేనంటున్నాడు డాక్టరు. పాట ఉండే చోటు వేరు, మాట ఉండే చోటు వేరట. పాటలో వచ్చే మాటలు ఆయన అంటున్నవి కావు, టేపు తిరిగినట్టు తిరుగుతాయంతే అన్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునేదాన్ని, నాకు సంగీతం ఏం తెలుసు? నీకు తెలుస్తుందని రాస్తున్నాను.

మీ వదిన


ఓడ మీద, ఇంజను గదికి పైన నా కేబిన్

వదినా,

నీ ఉత్తరం చదివి డెక్కు మీద గంతులేశాను. మా బ్యాండులో ట్రంపెట్ వాయించే పెద్దాయన "ఏంటమ్మా, లాటరీ తగిలిందా?" అన్నాడు. మా అన్నయ్య పాడాడండీ అన్నాను.

ఆ డాక్టరు మాట పక్కన పెట్టు. టేపు తిరిగిందట! ఇక్కడ భోజనాల హాల్లో ఎన్నెన్నో భాషలవాళ్ల ముందు వాయిస్తాను. పక్కవాణ్ణి ఉప్పు అందించమని అడగడం కూడా చేతకాని జనం, నేను వయొలిన్ మీద ఓ దిగులు రాగం ఎత్తుకునేసరికి అందరూ ఒక్కసారే చెంచాలు కింద పెడతారు. వాళ్లకి ఎవరు తర్జుమా చేసిపెట్టారు? మాట పొట్టు లాంటిది వదినా. అన్నయ్యకి పొట్టు పోయింది, గింజ చెక్కుచెదరలేదు.

ఆ మేకపిల్ల పాటే ఎందుకు పాడాడనుకున్నావు? సంతోషంతో. బతికి ఇల్లు చేరిన సంతోషం. చెప్పాలనుకున్నది చెప్పేశాడు. నువ్వేమో మాటల కోసం వెతుక్కుంటున్నావు. పాడటం రాదు సరే, వినడానికేం?

పాత శిష్యుల్ని పిలువు. పాడించు. ఎవరినైనా అడిగి ఓ క్యాసెట్టు రికార్డు చేసి కంపెనీ ఆఫీసుకి పంపు. ఏదో ఒక రేవులో నాకు అందిస్తారు.

నీ పిచ్చుక


ఇంటి నుంచి, ఆయన మంచం పక్కన

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ఆదివారం వస్తే మనింట్లో చెప్పులు పెట్టడానికి చోటుండదు. బస్సు కండక్టరు, బ్యాంకాయన, మన వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి, అందరూ ఆయన దగ్గర పాట నేర్చుకున్నవాళ్లే. వాళ్లు అందిస్తారు, ఆయన అందుకుంటారు. మేకపిల్ల పాటకైతే ఇల్లెగిరిపోతుంది. "ఎంత హుషారుగా ఉన్నారమ్మా మాస్టారు, మీరు అదృష్టవంతులు" అని వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక ఇంట్లో మిగిలేది నేనూ, మరే.

మాటలు నేర్పే ఆవిడ వారం వారం వస్తోంది. "నీళ్లు కావాలి" అనేదాన్ని ఓ వరసలో పెట్టి నేర్పింది. పట్టుకున్నారు. పండగ చేసుకున్నాం. ఇప్పుడు దుప్పటి కావలసినా నీళ్లు కావాలే, బాత్రూముకి వెళ్లాలన్నా నీళ్లు కావాలే. గ్లాసు తెచ్చిస్తే తోసేస్తారు.

ఇంకొకటి రాయాలి. మొన్న తలుపు సందులో ఆయన ఎడమచేతి వేలు పడింది. నేను పక్క గదిలో ప్రూఫులు చూసుకుంటున్నాను. మేకపిల్ల పాట వినబడుతోంది. ఇవాళ బాగున్నారులే అనుకుని పేజీ పూర్తిచేసి లేచాను. వెళ్లి చూస్తే వేలు ఇంకా సందులోనే ఉంది. గోరు నల్లబడిపోయింది.

పాటలో "కాదు" అనడం ఎలాగే? "ఇక్కడ" అనడం ఎలాగ? "నిన్నటికంటే ఎక్కువగా ఉంది" అనాలంటే ఏ రాగం? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ఈ మధ్య తిండి తగ్గింది. లేవగానే మేకపిల్ల, అన్నం పెట్టగానే మేకపిల్ల. క్యాసెట్టు పంపుతున్నాను. నువ్వు విని చెప్పు.

మీ వదిన


ఓడ మీద, రిహార్సల్ గది

వదినా,

క్యాసెట్టు వచ్చింది. బ్యాండు మొత్తాన్ని కూర్చోబెట్టి వినిపించాను. భాష ఒక్కడికీ రాదు, అయినా టోపీ పోయిన చోట అందరూ పకపకా నవ్వారు! నాకింకేం సాక్ష్యం కావాలి? గొంతు నిండుగా ఉంది. ఆనందం లేని మనిషి అలా పాడలేడు. రాసి పెట్టుకో.

వేలు నలిగిన సంగతికి బాధేసింది. కానీ అంత అదిరిపడితే "అబ్బా" అయినా మేకపిల్ల అయినా నోటికి ఏదొస్తే అది వస్తుంది. దాంట్లోంచి పెద్ద అర్థాలు తీయకు. తిండి తగ్గిందంటావా, కూర్చున్న మనిషికి ఆకలి ఎక్కడిది? నీ వంట మార్చి చూడు, వీలైతే వంటమనిషిని మార్చు.

కోపం తెచ్చుకోకు గానీ, నీకు చెవి లేదు వదినా. పైగా అలిసిపోయావు. పొద్దస్తమానం తప్పులు పట్టే ఉద్యోగం నీది, ఇంట్లోనూ అవే కనబడుతున్నాయి. కాస్త నిద్రపో.

నీ పిచ్చుక


ఆసుపత్రి వరండా, బెంచీ మీద

ఆడపడుచుగారికి,

మీ అన్నయ్యగారి పేగులో గడ్డ ఉంది. చిన్నది కాదు, కొత్తదీ కాదు.

రెండు ముద్దలకే వాంతి చేసుకుంటుంటే తీసుకొచ్చాను. పెద్ద డాక్టరు పొట్ట మీద చెయ్యివేసి నొక్కాడు. ఆయన గొంతెత్తి మేకపిల్ల పాట అందుకున్నారు. వార్డులో అందరూ నవ్వారు. పక్క మంచం మీది పాప చప్పట్లు కొట్టింది. డాక్టరు చెయ్యి తీశాడు, పాట ఆగింది. మళ్లీ అక్కడే నొక్కాడు, మళ్లీ మేకపిల్ల. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ల నుంచి పాడుతున్నారమ్మా ఈ పాట?" అని అడిగాడు.

ఆదివారాలు ఇంటినిండా జనం కూర్చుని చప్పట్లు కొట్టింది దేనికో ఇప్పుడు మీకూ తెలిసింది. పక్కన కూర్చుని టీలు అందించిన దాన్ని నేనే. మీరు సంతోషం అన్నారు. నాకు చెవి లేదన్నారు. లేదు, అందుకే మీ చెవిని నమ్మాను.

ఆపరేషన్ చెయ్యొచ్చట. బల్ల మీదే పోయినా పోవచ్చు. తట్టుకుంటే ఒకటి రెండేళ్లు. చేయించకపోతే కొన్ని నెలలు, నొప్పి తెలియకుండా మందులు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఆయన తెలివిలోనే ఉన్నారు, చేయించుకుంటారో లేదో ఆయనే చెప్పాలి" అన్నాడు. చేయించుకుంటారా అన్నాను. మరే. వద్దా అన్నాను. మరే. రెండోసారి అన్నప్పుడు కళ్లనిండా నీళ్లు. నెల లోపల తేల్చమన్నారు.

మీకు తెలియజేయడం నా ధర్మం.

నమస్కారాలతో, మీ అన్నయ్య భార్య


రేవులో, తపాలా ఆఫీసు బల్ల దగ్గర నిలబడి

వదినా,

తిట్టు. ఇంకా తిట్టు. "గారు" మాత్రం వద్దు.

నీకు రాయని సంగతి ఒకటుంది. క్యాసెట్టు విన్నాక బ్యాండు వాళ్లంతా నవ్వుతుంటే ట్రంపెట్ పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. "ప్రతి చరణం చివరా ఊపిరి తెగుతోంది. ఈయన ఎందుకో పొట్ట బిగబట్టుకుని పాడుతున్నాడు" అన్నాడు. ముసలితనం చాదస్తం అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. నీకు రాయలేదు.

కంపెనీ వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. తిరుగు ప్రయాణం అయ్యేదాకా వదలం అన్నారు. కానీ అన్నయ్యని అడగడానికి ఓ దారి ఉంది. జాగ్రత్తగా చదువు.

కొత్త పిల్లలకి చెవి కుదరడానికి అన్నయ్య ఓ ఆట ఆడించేవాడు. చిన్నప్పుడు నా మీదే మొదలుపెట్టాడు. ఏదో ప్రశ్న అడిగి, ఓ చిన్న వరస ఎత్తి, పై సా ముందర, ని దగ్గర ఆపేస్తాడు. జవాబు "అవును" అయితే మనం దాన్ని సా కి చేర్చాలి. ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది. "కాదు" అయితే ని మీదే వదిలెయ్యాలి, గుమ్మం బయట నిలబడ్డట్టు. నోటితో మాట్లాడితే ఓడిపోయినట్టు. మేం గంటలు గంటలు ఇలా పోట్లాడుకునేవాళ్లం.

వరస కింద రాశాను. కుట్టుమిషను అమ్మాయిని నేర్పమను. శ్రుతి తప్పినా పరవాలేదు, అన్నయ్య సర్దుకుంటాడు. అడుగు వదినా.

పిచ్చుక


ఇంటి నుంచి

పిచ్చుకా,

అడిగాను.

ఆ అమ్మాయి రోజూ షాపు కట్టేసి వచ్చి నేర్పింది. నా పాట విని ఆసుపత్రి ఆయా చీపురు పట్టుకుని పారిపోయింది. మీ అన్నయ్య మాత్రం మొదటిసారి ఎత్తగానే తల తిప్పి చూశారు. గుర్తుపట్టారు.

"నేను మీ అమ్మనా?" అని అడిగి వరస ఎత్తి ఆపాను. ఆయనా అందుకుని ని మీదే ఆపేశారు. ఆపి, సగం ముఖంతో నవ్వారు. "మీ భార్యనా?" సా కి చేర్చారు. "నొప్పిగా ఉందా?" సా. "ఇక్కడా?" అని పక్కటెముకల మీద చెయ్యి పెడితే ని. "ఇక్కడ?" సా. పిచ్చుకా, ఇంతకాలానికి ఆయన నాతో "కాదు" అన్నారు. పాటలో అది మొదటి నుంచీ లేదు. మేమిద్దరం కూర్చుని, ఇది అవును, ఇది కాదు అని ఒప్పుకున్నాకే వచ్చింది. అలా ఒప్పుకున్నాక అది పాటో మాటో నాకు తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆ మధ్యాహ్నమంతా పనికిరాని ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నాను. కూరలో ఉప్పెక్కువైందా, మా అన్నయ్య అంటే మీకు ఒళ్లుమంటా, అలాంటివి. అన్నిటికీ జవాబు చెప్పారు. మా అన్నయ్య సంగతి అనుమానించిందే నిజం.

ఆ తర్వాత అడిగాను. గడ్డ గురించి డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పి, "ఆపరేషన్ చేయించుకుంటారా?" అన్నాను.

ని మీద ఆపారు. ఆ స్వరం మీదే కాస్త నిలబడి, వదిలేసి, కళ్లు మూసుకున్నారు.

మళ్లీ అడగలేదు. అలాంటి ప్రశ్న మనిషిని రెండోసారి ఎలా అడుగుతాం? డాక్టరుతో చెప్పి ఇంటికి తెచ్చేశాను. మందులు రాసిచ్చారు. నొప్పి తక్కువగానే ఉందంటున్నారు, అదే, సా అంటున్నారు.

మీ వదిన


ఓడ మీద

వదినా,

ఒక్క స్వరం విని మా అన్నయ్యని చావడానికి ఇంటికి తెచ్చేశావా?

ని నుంచి పై సా కి ఎక్కాలి. ఒక్క మెట్టే, కానీ ఎక్కాలి. పొట్టలో గడ్డ పెట్టుకుని మధ్యాహ్నమంతా ఉప్పు గురించీ, మీ అన్నయ్య గురించీ పాడిన మనిషికి అసలు ప్రశ్న దాకా వచ్చేసరికి ఊపిరి ఎక్కడుంటుంది? "కాదు" అన్నా ని మీదే ఆగుతాడు, ఊపిరి చాలకపోయినా ని మీదే ఆగుతాడు! ఆ తేడా నీకు ఎలా తెలిసింది? తిరగేసి అడగాలని కూడా తోచలేదా? తోచిందేమో, భయపడ్డావేమో.

పాట ఉత్త పాటే వదినా. దాని మీద మనిషి ప్రాణం పెట్టకూడదు.

ఇలా చెయ్యి. వరసని కిందికి తిప్పు. కింది సా కి ముందర, రి మీద ఆపు. దిగడానికి బలం అక్కర్లేదు. ఊరికే జారితే చాలు. ముందు చేయించుకుంటారా అని అడుగు, తర్వాత వద్దా అని అడుగు. ఈ ఉత్తరం అందిన రోజే అడుగు. నీకు దణ్ణం పెడతాను.


ఇంటి నుంచి

పిచ్చుకా,

టెలిగ్రాం ఈపాటికి అందే ఉంటుంది. మీ అన్నయ్య గురువారం పొద్దున్న పోయారు. నిద్రలోనే. కుట్టుమిషను అమ్మాయి, నేను పక్కన ఉన్నాం.

నీ ఉత్తరం అంతకు ముందు వారం వచ్చింది. అవును, భయపడ్డాను. తిరగేసి అడిగితే దానికీ ని అంటారేమోనని భయపడ్డాను. అందుకే ఒక్కసారితో ఆపేశాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

అప్పటికి మందు ఎక్కువ చేశారు. ఎక్కువసేపు మగతలో ఉంటున్నారు. మెలకువ వచ్చినప్పుడు నువ్వు రాసినట్టే కిందికి తిప్పి అడిగాను. "ఆపరేషన్ చేయించుకుంటారా?" మెల్లిగా సా కి దిగారు. అక్కడే ఆగారు. చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను డాక్టరు కోసం. ఆయన వచ్చి, పొట్ట చూసి, "ఇప్పుడు కాదమ్మా" అన్నాడు. ఇక కత్తి పెట్టడానికి లేదట.

డాక్టరు వెళ్లాక తిరగేసి అడిగాను. "వద్దా?" దానికీ సా కి దిగారు. "నేను మీ అమ్మనా?" అన్నాను. సా. అన్నిటికీ సా. దిగడానికి బలం అక్కర్లేదన్నావు కదా, నిజమే. మళ్లీ మరే దగ్గరికి వచ్చేశాం.

మొదట ని మీద ఆపినది ఆయన జవాబా, ఊపిరా? తర్వాతి సా ఆయన జవాబా, మందా? ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ రెండు చప్పుళ్లూ చెవిలో తిరుగుతున్నాయి. చెవి లేనిదాన్నంటావు, ఇవి మాత్రం పోవు. ప్రెస్సుకి వెళ్తున్నాను. అచ్చులో తప్పులన్నీ వదిలేస్తున్నానని ఫోర్‌మన్ విసుక్కుంటున్నాడు.

మీ వదిన


ఓడ మీద

వదినా,

నేను రాసిన పోయినసారి ఉత్తరం చించి పారెయ్యి. ఒళ్లు తెలియని కోపంలో ఒక సంగతి మరిచిపోయాను.

ఆ ఆటకి ఓ ముగింపు ఉండేది. ఆడి ఆడి అలిసిపోయాక, ఎదుటివాళ్లు ఏం అడిగినా సరే కింది సా కి దిగిపోయేవాళ్లం. అవునూ కాదు, కాదూ కాదు. "ఇంక చాలు, పడుకుందాం" అని దానర్థం. బడిలోనూ అంతే, పాఠం అయిపోగానే పిల్లలంతా కింది సా పాడి లేచేవాళ్లు. చివర్లో అన్నయ్య నీకు చెప్పింది అదే. మందు మత్తు కాదు. తెలివితోనే చెప్పాడు.

అంటే మొదటి జవాబే జవాబు. వద్దన్నాడు. నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు. అన్నయ్య అనుకున్నట్టే జరిపించావు. నేను పక్కనే ఉన్నా ఇంతకంటే బాగా వినేదాన్ని కాదు.

వచ్చే నెలాఖరుకి ఓడ ఒడ్డుకొస్తుంది. ఈసారి మళ్లీ ఎక్కను.

నీ పిచ్చుక


ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

పిచ్చుకా,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే కుట్టుమిషను అమ్మాయి వచ్చింది. మాటల మధ్యలో, పాఠం అయిపోయాక మీరు ఏం పాడి లేచేవాళ్లు అని అడిగాను. "పాడటమా? మాస్టారు బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టి ఇంక పొండర్రా అనేవారు. తలుపు దగ్గర తోసుకుంటూ పారిపోయేవాళ్లం" అంది.

నేనింక ఏమీ అడగలేదు. మీ ఇంట్లో మీ ఇద్దరి ఆటకి ఏ ముగింపు ఉండేదో ఆ పిల్లకేం తెలుసు, అనుకోవచ్చు. అనుకోవాలనే ఉంది. కానీ నువ్వు అరిచేటప్పుడు వంకరటింకరగా రాస్తావు, సంతోషంగా ఉన్నప్పుడు ఒక్కో మాట మీద మరో మాట ఎక్కిస్తావు. ఈ ఉత్తరం ముత్యాల్లా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. ముందు వేరే కాగితం మీద రాసుకుని, చూసి రాశావు కదూ?

ప్రూఫులు దిద్దేదాన్ని, తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. దీని మీద మాత్రం కలం పెట్టలేదు. ఆయన ఇన్ని నెలలు పాడారు. ఎంత విన్నా నాకు ఒక్క అబద్ధం దొరకలేదు, ఒక్క ఓదార్పూ దొరకలేదు. నీ ఈ ఒక్క పేజీలో రెండూ దొరికాయి. చదివిన పూట అన్నం తిన్నాను.

నెలాఖరుకి రేవుకి వస్తాను. సామాను ఎక్కువుంటే రాయి, మనిషిని మాట్లాడతాను. ఇంటికి వచ్చాక, కాళ్లు కడుక్కుని, నాకు ఎదురుగా కూర్చుని, ఆ ముగింపు సంగతి నోటితో ఇంకోసారి చెప్పు. నేను ఎదురు ప్రశ్న వెయ్యను.

మీ వదిన